ఫర్వాలేదుకి ఎన్ని మార్కులు

మందు పనిచేయలేదని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిన పొద్దున తాళాలాయన ప్రశ్నలమ్మ గది గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని తలుపు గడియ విప్పుతున్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, బాగుచేయమని ఎవరూ అడగలేదు. తలుపు పడినప్పుడల్లా అది చేసే చప్పుడు వినలేక తనే పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

"దీన్ని బిగించినవాడికి చేతులున్నాయా సిస్టరమ్మా? నాలుగు స్క్రూలు పట్టే చోట రెండు పెట్టి పోయాడు. ఆస్పత్రి పనంటే అందరికీ చులకనే" అని సణుగుతున్నాడు.

ప్రశ్నలమ్మ ఉత్తరం చదివింది. తలెత్తి తాళాలాయన్ని చూసింది. మళ్ళీ ఉత్తరం మొదటి నుంచి చదివింది. రెండోసారి చదివాక కూడా అందులో ఉన్నది అదే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆమె అసలు నర్సు. ఇంజెక్షన్లు, సెలైన్లు, రాత్రి డ్యూటీలు అన్నీ దాటుకుని వచ్చిన మనిషి. మూడేళ్ళ క్రితం ఈ మందు పరీక్ష మొదలయ్యాక సూది పక్కన పెట్టించి చేతికి కాగితాలిచ్చారు. దిగులు జబ్బుతో వచ్చినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని పదిహేను ప్రశ్నలు అడగాలి. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, పని మీద మనసు పోతోందా, బతుకు మీద విసుగ్గా ఉందా, ఇలాగ. ఒక్కో జవాబుకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఏ బాధా లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే నాలుగు. అంటే మార్కులు ఎంత తగ్గితే మనిషి అంత బాగుపడినట్టు. ఎక్కువ మార్కులొచ్చినవాడు ఫెయిలయ్యే పరీక్ష లోకంలో ఇదొక్కటే అని ఆమె భర్త వేళాకోళం చేసేవాడు. అడిగీ అడిగీ ఆమె అసలు పేరు ఆస్పత్రిలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. అటెండర్ల దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరికీ ప్రశ్నలమ్మే.

ఆ మందుకీ పేరు లేదు. డబ్బా మీద రెండు అక్షరాలు, మూడు అంకెలు మాత్రం ఉండేవి. బజారులోకి వచ్చేటప్పుడు మంచి పేరు పెడతామని కంపెనీవాళ్ళు చెప్పారు. అందాకా జనం దాన్ని ఆకుపచ్చ బిళ్ల అన్నారు. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి అదే రంగు, అదే సైజులో ఉత్తి బిళ్ల. ఎవరికి ఏది వెళుతోందో వేసుకునేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు.

తాళాలాయన సంగతి వేరే చెప్పాలి. బస్టాండు వెనక సందులో బీరువా అంత కొట్టు అతనిది. తాళాలు తీయడం, చెవులు చేయడం పని. నలభై దాటాయి. ఒకరోజు కొట్టు తీయలేదు. మర్నాడూ తీయలేదు. అలా ఏడాది గడిచింది. గోడ వైపు తిరిగి పడుకునేవాడు, అంతే. ఎదురుగుండా లాండ్రీ నడుపుకునే అక్క అతనికి అన్నం పెట్టి, స్నానం చేయించి, ఒక డాక్టరు కాదు ముగ్గురి దగ్గరికి తిప్పింది. మూడు రకాల మందులు వాడారు. ఒకటి నిద్రపుచ్చింది, ఒకటి వణికించింది, ఒకటి ఏమీ చేయలేదు. ఆఖరికి చొక్కా చేయి పట్టుకుని ఈ పరీక్షలో చేర్పించడానికి లాక్కొచ్చింది.

మొదటి రోజు అతను ప్రశ్నలమ్మ ఎదురుగా కూర్చుని పదమూడు ప్రశ్నలకి ఒక్కటే జవాబు చెప్పాడు. "ఫర్వాలేదు." మిగిలిన రెండింటికి నోరే మెదపలేదు. ఫర్వాలేదుకి సున్నా, జవాబు రాకపోతే నాలుగు వేయాలని రూలు. అందుకని మొత్తం ఎనిమిది మార్కులు. ఆమె కూడి, సంతకం పెట్టి, తారీకు వేసింది.

నాలుగో వారంలో అతను ఆస్పత్రి క్యాంటీన్ టీ బాగోలేదన్నాడు. ఎనిమిదో వారంలో గడ్డం గీసుకుని వచ్చాడు. పన్నెండో వారం, అంటే లెక్కకి తీసుకునే ఆఖరి రోజున, ముప్పావుగంట కూర్చున్నాడు. నిద్ర పడుతోందా అంటే, "పక్కింటి కుక్క పడనిస్తే గదా! ఆ ఇంటాయనకి రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పను, చూపిస్తా" అన్నాడు. ఆకలేస్తోందా అంటే, "మా అక్క వంట మీరొకసారి తినండి, అప్పుడు నన్నడగండి" అన్నాడు. పని గురించి అడిగితే నడుం నొప్పి, కొత్త రకం తాళాలు, బేరాలాడే జనం, అన్నీ ఏకరువు పెట్టాడు. చిరాగ్గా ఉంటోందా అన్న ప్రశ్నకి, "ఇన్ని ప్రశ్నలడిగితే ఉండదా?" అన్నాడు.

ప్రశ్నలమ్మ లోపల్లోపల నవ్వుకుంది. చేతులు మాత్రం రూలు ప్రకారం నడిచాయి. నోటితో చెప్పిన జవాబుకే మార్కు వేయాలి. మొహం చూసి వేయకూడదు, బట్టలు చూసి వేయకూడదు. నిద్రకి మూడు, ఆకలికి రెండు, చిరాకుకి నాలుగు. మొత్తం ఇరవై ఏడు. సంతకం, తారీకు.

ఇప్పుడు ఉత్తరం ఏమంటుందంటే, ఆరు ఆస్పత్రుల లెక్కలూ తేలాయి. అసలు మందు వేసుకున్నవాళ్ళ మార్కులు తగ్గకపోగా పెరిగాయి. ఉత్తి బిళ్లే నయం. కాబట్టి మందు బజారులోకి రాదు, తయారీ ఆపేశారు. ఫలితం తేలేదాకా అందరికీ ఇస్తూ వచ్చిన బిళ్లలు పది రోజుల్లో వెనక్కి తెప్పించాలి. మొదటి రోజు మార్కులు సగానికి తగ్గినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకి మాత్రం మిగిలిన సరుకులోంచి ఇంకో ఏడాది ఇస్తారు. కింద ఎవరు ఏ బిళ్ల వేసుకున్నారో జాబితా ఉంది. తాళాలాయనది అసలు మందు. ఎనిమిది నుంచి ఇరవై ఏడు. పక్కన 'క్షీణించెను' అని ఒక మాట.

క్షీణించినాయన గడియ బిగించి, తలుపు రెండుసార్లు వేసి తీసి, "చూశారా, ఇప్పుడు కిక్కురుమంటోందా?" అన్నాడు.

ఆమె ఉత్తరం పట్టుకుని డాక్టరు గదికి వెళ్ళింది. డాక్టరు మంచివాడే. అలిసిపోయిన మంచివాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు.

"అంకెలు అలా చెబుతున్నాయి సిస్టర్. మనమేం చేస్తాం?" అన్నాడు తుడుచుకుంటూ.

"అంకెలు చెప్పేదేంటండీ? మనిషి గుమ్మంలో కూర్చుని మన తలుపు బాగుచేస్తున్నాడు!"

"తలుపు బాగుచేయడం ఫారంలో లేదుగా."

"ఏడాది గోడకేసి చూస్తూ పడుకున్నవాడండీ అతను. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళందరితో పోట్లాడుతున్నాడు."

"పోట్లాట ఫారంలో ఉంది. దానికి నాలుగు మార్కులు వేశారు మీరే" అన్నాడు డాక్టరు. ఎద్దేవాగా అనలేదు, నిజంగానే అన్నాడు. అందుకే ఆమెకి మరీ కోపం వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలు కంటే ఎక్కువ చప్పుడు చేశాయి. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. హారన్ల మధ్య బతికినవాడు కాబట్టి గిన్నెల చప్పుడుకి బెదరడు. కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాడు.

"కూరెలా ఉంది?" అంది ఆమె.

"ఫర్వాలేదు."

అంతే, ఒంటికాలి మీద లేచింది. "బాగోలేదని చెప్పొచ్చుగా!"

"నేనెప్పుడన్నానే బాగోలేదని?"

"ఫర్వాలేదంటే మరేంటండీ? మీతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, ఆమాత్రం తెలీదా నాకు? కూర నచ్చితే ఉప్పు తక్కువైందని, ముక్క ఉడకలేదని నూటొక్క వంక పెడతారు, పెడుతూనే మూడోసారి వడ్డించుకుంటారు. నోట పెట్టుకోలేనట్టుంటే ఫర్వాలేదంటారు. అని చేయి కడిగేసుకుంటారు. దాని అర్థం నన్నిక అడక్కు, వదిలెయ్ అని..."

అని ఆగిపోయింది. గరిటె చేతిలోనే ఉంది. కూర బొట్లు నేల మీద పడుతున్నాయి.

"ఏమైందే?" అన్నాడు భర్త, ఈసారి నిజంగా భయపడి.

"కొంప మునిగింది" అంది ఆమె.

మర్నాడు పెందలాడే ఆస్పత్రికి వెళ్ళి ఫైళ్ళన్నీ బల్ల మీదికి దించింది. ఇరవై రెండు మంది. మొదటి రోజు కాగితాలు ఒక పక్క, ఆఖరి రోజు కాగితాలు ఒక పక్క పరిచింది. రోగి నోటి మాట ఉన్నదున్నట్టు మార్కు పక్కన రాయడం ఆమెకి మొదటి నుంచీ అలవాటు. మొదటి రోజు కాగితాల నిండా ఒక్కటే మాట. లెక్కలమాస్టారు ఫర్వాలేదన్నాడు. పిల్లని పోగొట్టుకున్న ఆవిడ ఫర్వాలేదంది. బావి దగ్గర్నుంచి పట్టుకొచ్చిన పడుచుపిల్ల, బతుకు మీద విసుగ్గా ఉందా అని అడిగితే, ఫర్వాలేదండీ అంది. దానికి సున్నా. ఆ సున్నా ప్రశ్నలమ్మ చేతిరాతే, గుండ్రంగా, అందంగా ఉంది.

ఆఖరి రోజు కాగితాల్లో ఉత్తి బిళ్లవాళ్ళు మళ్ళీ ఫర్వాలేదనే అన్నారు. అసలు మందు వేసుకున్న పదకొండు మందిలో తొమ్మిది మంది ఆ మాటే ఎత్తలేదు. మోకాళ్ళని తిట్టారు, ఆడపడుచుని తిట్టారు, ఎండని తిట్టారు. లెక్కలమాస్టారైతే ప్రశ్నాపత్రంలోనే రెండు తప్పులున్నాయని చూపించాడు. వాళ్ళ మార్కులన్నీ పెరిగాయి. జబ్బు ముదిరినప్పుడు మనిషికి ఫిర్యాదు చేసే ఓపిక కూడా ఉండదు. ఓపిక రాగానే నోరు వస్తుంది. ఇది తెలియడానికి నర్సు కానక్కరలేదు, ఇంట్లో మనుషులుంటే చాలు.

మరి ఫర్వాలేదుకి సున్నా ఎందుకు వేసింది? ప్రతి ఫైలు అట్ట లోపలా అంటించిన కాగితంలో ఉంది కాబట్టి. 'రోగి ఫర్వాలేదు అన్నచో లక్షణము లేనట్లుగా భావించి సున్నా వేయవలెను.' ఆరు ఆస్పత్రుల్లోనూ అదే కాగితం. ఆ కాగితంలోకి ఆ వాక్యం ఎలా వచ్చిందో గుర్తు రాగానే ఆమెకి తలకాయ తీసేసినట్టయింది.

మూడేళ్ళ కిందట, పరీక్ష మొదలవకముందు, ఆరు ఆస్పత్రుల ప్రశ్నలవాళ్ళనీ ఒక హాల్లో కూర్చోబెట్టి రెండు రోజులు పాఠం చెప్పారు. చెప్పేవాడికి భాష రాదు. భోజనాల వేళకి కాస్త ముందు అతను, "మీవాళ్ళు ఒక మాట తెగ వాడతారట. దాన్నెలా తీసుకుందాం?" అని అడిగించాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు లేచి నిలబడింది ప్రశ్నలమ్మ. "బాగానే ఉందని అర్థమండీ. సున్నా వేయొచ్చు" అంది, గొంతు సవరించుకుని మరీ. అందరికీ ఆకలి దంచేస్తోంది. అవునవునన్నారు. అతను రాసుకున్నాడు. ఆమెకి ఆ రోజు గొప్పగా అనిపించింది కూడా.

కాగితాలు తనిఖీ చేయడానికి కంపెనీ నుంచి నెలకోసారి ఒక అమ్మాయి చక్రాల పెట్టె లాక్కుంటూ వస్తుంది. బుద్ధిమంతురాలు, అందరినీ మేడమ్ అంటుంది. ఆ వారం ఫైళ్ళు మూటగట్టడానికి వచ్చింది. ప్రశ్నలమ్మ ఆ అమ్మాయిని కుర్చీలో కూలేసి అంతా చెప్పింది. కాగితాలు చూపించింది. కూర సంగతి కూడా చెప్పింది.

"అర్థమైంది మేడమ్. మా అమ్మా అంతే, కాలు విరిగినప్పుడు కూడా ఫర్వాలేదనే అంది" అంది తనిఖీ అమ్మాయి.

"హమ్మయ్య. అయితే దిద్దేద్దాం. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన సరైంది రాసి, సంతకం పెట్టి తారీకు వేయాలని నువ్వేగా నేర్పావ్. ఇరవై రెండు ఫైళ్ళూ కూర్చుని దిద్దుతాను."

"దిద్దలేం మేడమ్. డేటా లాక్ అయిపోయింది."

"తాళం వేసినవాడికి తీయడం రాదా? మా పేషెంటు అదే పని చేస్తాడు, పంపించమంటావా?"

అమ్మాయి నవ్వబోయి మానుకుంది. "పైవాళ్ళు ఒక్కటే అడుగుతారు మేడమ్. అప్పుడు సున్నా అన్నారు, ఇప్పుడు నాలుగంటున్నారు, ఫలితం చూశాక మాట మార్చారు అంటారు. ఆ సున్నా అర్థం మొదట చెప్పిందెవరో కనుక్కోమంటారు."

"నేనే" అంది ప్రశ్నలమ్మ.

అమ్మాయి ఫైలు మూసింది. "ఉత్తరం రాయండి మేడమ్, నేను చేతికిచ్చి వస్తాను. కానీ ఆ మాట వాళ్ళకి ఏ భాషలో విప్పి చెప్పాలో నాకు తెలీదు" అంది.

రాసింది. నాలుగు పేజీలు. తప్పు తనదేనని మొదటి వాక్యంలోనే రాసింది. డాక్టరు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఏమనుకున్నాడో ఏమో తనూ కింద సంతకం పెట్టాడు. ఆస్పత్రి పెద్దల కమిటీకి ఒకటి పంపింది. ప్రభుత్వం మందుల ఆఫీసుకి ఒకటి తనే పట్టుకెళ్ళింది. అక్కడ మూడో కిటికీ దగ్గరికి వెళ్ళమన్నారు. మూడో కిటికీ ఆయన, బజారులోకి వచ్చిన మందు మీదయితే ఫిర్యాదు తీసుకుంటాం, రాని మందు మీద ఎలా తీసుకుంటాం అన్నాడు. రాలేదనే నా ఫిర్యాదు అంది. అతను ఆమె వెనకాల మనిషిని పిలిచాడు. కాళ్ళరిగేలా తిరిగి ఇంటికొచ్చి చెప్పులు గోడకేసి కొట్టింది.

ఎనిమిదో రోజున కంపెనీ జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. 'మీ విలువైన సూచనకు ధన్యవాదములు. ఇకముందు జరుగు పరీక్షలలో పరిశీలించెదము.' తాళాలాయనకి ఏడాది బిళ్లల సంగతి అందులో లేదు. తన తప్పు గురించి ఒక్క తిట్టయినా లేదు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి. తప్పు ఒప్పుకుంటానని మెడ చాచితే, ఆ మెడ ఎవరికీ అక్కర్లేకపోయింది.

పదో రోజున తాళాలాయన అక్క బిళ్లల సంచి తెచ్చింది. మనిషి పొట్టి, చేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"నిజంగా ఇచ్చేయాల్సిందేనా సిస్టరమ్మా?"

"ఇచ్చేయాలమ్మా."

"బజార్లో దొరకదా? ఎక్కడున్నా తెచ్చుకుంటాం."

"ఎక్కడా ఉండదు. చేయడం మానేశారు."

అక్క సంచి బల్ల మీద పెట్టింది. ప్రశ్నలమ్మ అట్టలు విప్పి లెక్కపెట్టింది. పద్నాలుగు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టింది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది, చేతిసంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

మూడేళ్ళలో ప్రశ్నలమ్మ ఒక్క అబద్ధం రాసి ఎరగదు. 'పద్నాలుగు బిళ్లలు వానలో తడిసి పాడైనవి' అని రాసి సంతకం పెట్టింది. రెండు నెలలుగా చినుకు లేదు.

ఆ పద్నాలుగు రోజులూ ఆమె బస్టాండు వెనక సందులోంచే ఇంటికి వెళ్ళింది. కొట్టు తీసే ఉండేది. అతను ఎవరితోనో ఒకరితో గొడవపడుతూ ఉండేవాడు. తర్వాత వారం కూడా తీసే ఉంది. తగ్గిన జబ్బు తగ్గినట్టే ఉండిపోతుందేమో, మందు తన పని చేసి వెళ్ళిపోయిందేమో అని ఆశపడింది. ఇంకో వారానికి బేరం వస్తే అడిగినంతకి ఒప్పుకుని మాట్లాడకుండా పని చేసిస్తున్నాడు. ఇంతటి మర్యాదస్తుడెప్పుడయ్యాడని పక్క కొట్టువాళ్ళు మెచ్చుకున్నారు. ఆమెకి మాత్రం ఆ మర్యాద నచ్చలేదు. ఆ పై వారం కొట్టు మూసి ఉంది.

మందు ఆపిన ఎనిమిది వారాలకి ఒక ఆఖరి పరీక్ష ఉంటుంది. ఆపినందువల్ల ఎవరికీ హాని జరగలేదని కంపెనీ ఫైల్లో పెట్టుకోవడానికి. అక్క తమ్ముణ్ణి చొక్కా చేయి పట్టుకుని తీసుకొచ్చింది. గడ్డం పెరిగింది. డాక్టరు ఇదివరకు వాడిన మూడింటిలో ఒకటి మళ్ళీ మొదలుపెట్టాడట. ఏమీ చేయనిది.

"నిద్ర పడుతోందా నాయనా?"

"ఫర్వాలేదు."

"ఆకలి?"

"ఫర్వాలేదు."

"పక్కింటి కుక్క అరుస్తోందా?" అని ఆమె అడిగింది. అది కాగితంలో లేని ప్రశ్న. అరవాలని దేవుడికి మొక్కుకున్నంతగా అడిగింది.

"ఫర్వాలేదు" అన్నాడు.

పదిహేనింటికీ అదే. ఈసారి రెండు ప్రశ్నలకి మౌనంగా కూడా ఊరుకోలేదు, మర్యాదగా అన్నింటికీ చెప్పాడు. ఆమె జవాబులూ అంకెలూ కంప్యూటర్లో కొట్టింది. ఫర్వాలేదుకి నాలుగు కొట్టి చూసింది. మొదటి రోజు ఇదే మాటకి సున్నా ఉంది, పొంతన లేదని అది తిప్పికొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి తిప్పికొట్టింది. పళ్ళు నూరుకుంటూ సున్నాలు కొట్టింది. మొత్తం సున్నా. ఆరు ఆస్పత్రుల్లో ఎవరికీ రాని మార్కు. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడి, 'కోలుకొనెను' అని వచ్చింది.

ఆమె లేచి వరండాలోకి వెళ్ళింది. అక్క వెనకే వచ్చింది.

"ఒక్క మాట చెప్పు సిస్టరమ్మా. ఆ మందు పనిచేసిందా, లేదా? నా కళ్ళతో చూసింది నిజమా, వీళ్ళ కాగితం నిజమా?"

"నీ కళ్ళే నిజం. పనిచేసింది."

"మరెందుకాపారు?"

"నా వల్ల" అంది ప్రశ్నలమ్మ. మొత్తం చెప్పింది. హాలు, భోజనాల వేళ, లేచి నిలబడడం, సున్నా. నాలుగు పేజీల్లో రాసింది నాలుగు మాటల్లో చెప్పింది. తిట్టించుకోవడానికి సిద్ధపడే చెప్పింది. ఇన్నాళ్ళకి తిట్టే హక్కున్న మనిషి ఎదురుగా నిలబడింది.

అక్క తిట్టలేదు. చేతుల మీది మచ్చలు చూసుకుంది.

"ఈ మాట వాడితో అనకు" అంది. "మంచి మందు ఒకటుంది, నీకు పనిచేసింది, ఇక లోకంలో లేదు అంటే వాడు బతకడు. పనిచేయలేదనే చెప్పు. నీ నోటితో చెప్పు. నేను చెబితే నమ్మడు."

"నేనా?" అంది ప్రశ్నలమ్మ. ఆ మాట తప్పని నిరూపించడానికే ఆమె రెండు నెలలుగా గడప గడపా తిరిగింది.

"నువ్వే" అంది అక్క.

లోపలికి వెళ్ళేసరికి అతను కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాళ్ళిద్దరూ వచ్చిన చప్పుడుకి తలెత్తలేదు. కాసేపయ్యాక తనంతట తనే మాట్లాడాడు, ఆ రోజుకి అదే మొదటిసారి.

"మందు పనిచేయలేదటగా సిస్టరమ్మా."

అక్క అతని వెనక నిలబడి ఆమె మొహంలోకే చూస్తోంది.

"లేదు నాయనా" అంది ప్రశ్నలమ్మ. "పనిచేయలేదు. నీకే కాదు, ఎవరికీ పనిచేయలేదు."

అతను తల ఊపాడు. ఊపి, ఏదో లెక్క కుదరనట్టు ఆలోచించాడు.

"మరి ఆ మధ్య నేను బాగున్నానే" అన్నాడు.

"అది నీ అంతట నువ్వే బాగయ్యావు" అంది ఆమె.

"నా అంతట నేనేనా?" అతను మొదటిసారి తలెత్తి ఆమెని సూటిగా చూశాడు. "అయితే మళ్ళీ అవుతానంటారా?"

"అవుతావు" అంది ప్రశ్నలమ్మ. అక్క మొహం పక్కకి తిప్పుకుంది.